ఎండోస్కోపు శుద్ధిలో ద్రావణానికి ముందూ వెనకా

శరీరం లోపలి భాగాలను చూడటానికి వాడే గొట్టం ఎండోస్కోపు. దాన్ని ఒక రోగికి వాడిన తరువాత శుద్ధి చేసి మరొక రోగికి వాడతారు. కత్తెరల మాదిరిగా దీన్ని వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవులో పెడితే ఆ వేడికి పాడైపోతుంది కనుక, గ్లూటరాల్డిహైడ్, పెరాసెటిక్ ఆమ్లం వంటి ద్రావణాలతో క్రిములను చంపుతారు. ఇన్ఫెక్షన్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చూపంతా ఆ ద్రావణం మీదే ఉంటుంది. అసలు రక్షణ దానికి ముందు తోమడంలోనూ, తరువాత ఆరబెట్టడంలోనూ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

పరీక్ష ముగిసిన వెంటనే, రోగి మంచం దగ్గరే గొట్టాన్ని తుడిచి, దాని లోపలి ఛానెళ్ళలోకి డిటర్జెంటు నీటిని పంపాలి. ఆలస్యమై రక్తం, శ్లేష్మం ఎండిపోతే అవి గోడలకు అంటుకుంటాయి. అక్కడ బాక్టీరియా తన చుట్టూ జిగట పొర కట్టుకుంటే, అంటే బయోఫిల్మ్ ఏర్పడితే, ఎంత మంచి ద్రావణమైనా దాని అడుగుదాకా చేరడం కష్టం. లీకు పరీక్ష, తగిన సైజు బ్రష్‌తో ప్రతి ఛానెల్‌నూ తోమడం ఆ తరువాతి పనులు. ఇవి మనిషి చేత్తో, ఓపికతో చేయవలసినవి.

పిత్తనాళాల చికిత్సకు వాడే డ్యుయోడెనోస్కోపు విషయంలో ఈ కష్టం మరీ ఎక్కువ. దాని కొసన పరికరాలను పైకెత్తే చిన్న ఎలివేటర్ ఉంటుంది. దాని సందుల్లోకి బ్రష్ సరిగా వెళ్ళదు. అమెరికాలోని సియాటిల్, లాస్ ఏంజెలిస్ ఆస్పత్రుల్లో మందులకు లొంగని బాక్టీరియా ఈ స్కోపుల ద్వారా రోగులకు సోకిన తరువాత, ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2015 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీ చేసింది. తయారీదారు సూచనలను పాటించినా క్రిములు మిగిలిపోవచ్చని అది చెప్పడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. కొసభాగాన్ని వాడి పారవేసే నమూనాలకు మారమని 2019 ఆగస్టులో అదే సంస్థ సూచించింది. లోపం డిజైన్‌లో ఉన్నప్పుడు శుద్ధి చేసే ఉద్యోగిని మాత్రమే తప్పుపట్టడం అన్యాయం.

ఇక ఆరబెట్టడం. తడి మిగిలిన ఛానెల్లో, చావకుండా ఉన్న కొద్దిపాటి సూడోమోనాస్ బాక్టీరియా కూడా తెల్లవారేసరికి అనేక రెట్లు పెరుగుతుంది. అందుకే వడకట్టిన గాలిని ఛానెళ్ళ గుండా కనీసం 10 నిమిషాలు పంపి, స్కోపును నిలువుగా వేలాడదీయాలి. రద్దీ రోజున అన్నిటికంటే ముందు కోతపడేది ఈ సమయానికే. కనుక రోజుకు ఎన్ని పరీక్షలు చేయాలన్నది ఆస్పత్రిలో ఎన్ని స్కోపులున్నాయి, వాటిని పూర్తిగా ఆరబెట్టడానికి ఎంత సమయం పడుతుంది అన్న లెక్కనుబట్టే నిర్ణయించాలి. ఆరని స్కోపును ఇవ్వనని చెప్పే అధికారం శుద్ధి గది ఉద్యోగికి రాతపూర్వకంగా ఉండాలి.