స్ప్రింగ్ స్ట్రీట్ మంత్రసాని

లాస్ ఏంజెలిస్ డౌన్‌టౌన్‌కి మా అమ్మాయి తీసుకెళ్లింది బ్రాడ్‌బరీ బిల్డింగ్ చూపించడానికి. 1893 నాటి ఇనప మెట్లు, లిఫ్టులు బాగానే ఉన్నాయి. ఎదురుగా గ్రాండ్ సెంట్రల్ మార్కెట్లో ఏదో తిన్నాం. "అమ్మా, పార్కింగ్‌కి ఇంకో గంటే ఉంది" అని అది టెన్షన్ పడుతుంటే, "ఆ పక్క సందులో ఏముందే?" అని నేనే లాక్కెళ్లాను.

అది బిడ్డీ మేసన్ అనే మంత్రసాని పేరున్న పార్కు. పార్కంటే పచ్చిక, ఊయలలు ఊహించుకోకండి. పెద్ద భవనాల మధ్య ఓ వాకిలి లాంటి చోటు. ఒకవైపు దాదాపు 80 అడుగుల నల్లటి కాంక్రీటు గోడ. శిల్పి షీలా లెవ్రాంట్ డి బ్రెట్‌విల్ చేసింది, 1989లో పెట్టారు. ఒక చివర నుంచి నడుచుకుంటూ పోతే దశాబ్దం తర్వాత దశాబ్దంగా బిడ్డీ కథ సాగుతుంది.

బిడ్డీ 1818లో బానిసగా పుట్టింది. యజమాని రాబర్ట్ స్మిత్ 1848లో మిసిసిపీ నుంచి యూటాకి బయల్దేరితే, బండ్ల వెనకాల పశువుల్ని తోలుకుంటూ ఈమె నడిచింది. సుమారు 1,700 మైళ్లు! హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, మళ్లీ సగం దారికి పైగా వెనక్కి వచ్చినంత. ముగ్గురు ఆడపిల్లల తల్లి, చిన్నది చంటిది. 1851లో అక్కణ్నుంచి కాలిఫోర్నియాకి. ఇక్కడ చట్టప్రకారం బానిసత్వం లేదు, అయినా ఆమెను వదిలిందెవరు? స్మిత్ అందరినీ టెక్సాస్‌కి తరలించబోతే వ్యవహారం కోర్టుకెక్కింది. తెల్లవాళ్ల మీద నల్లవాళ్లు సాక్ష్యం చెప్పకూడదన్న రోజులవి. జడ్జి బెంజమిన్ హేస్ ఆమెను తన గదిలోకి పిలిచి విడిగా అడిగాడు. 1856 జనవరిలో ఆమెతో కలిపి 14 మందికి విడుదల దొరికింది.

తర్వాత డాక్టర్ జాన్ గ్రిఫిన్ దగ్గర పని, రోజుకి రెండున్నర డాలర్లు. పురుళ్లు పోసేది. 1866లో సరిగ్గా ఈ ప్రాంతంలోనే 250 డాలర్లకి స్థలం కొంది. లెక్కకి వంద రోజుల కూలి. కూడబెట్టడానికి మాత్రం పదేళ్లు పట్టింది. చదవడం, రాయడం రాని మనిషి.

గోడలో ఆమె వాడినటువంటి వస్తువుల అచ్చులు పొదిగారు. మంత్రసాని సంచీ, దారపుండ, కత్తెర. కత్తెర దగ్గర నేను ఆగిపోయాను. మా నాయనమ్మా మంత్రసానే. ఆమె కత్తెర చూరులో గుడ్డచుట్టి ఉండేది, పిల్లలం ముట్టుకుంటే వీపు పగిలేది. నాయనమ్మ పురుడు పోసిన వాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు గానీ, ఆమె ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు.

బిడ్డీని ఊరంతా గ్రాండ్‌మా మేసన్ అనేవారట. జైల్లో ఉన్నవాళ్లని చూసొచ్చేది, లేనివాళ్లకి పెట్టేది. 1872లో ఇక్కడి తొలి ఆఫ్రికన్ మెథడిస్టు చర్చి మొదలుపెట్టినవారిలో ఆమె ఒకరు. 1891లో పోయింది. సొంతంగా స్థలం కొన్న మనిషి సమాధికి 1988 దాకా పేరుపలక లేదు.

బెంచీ మీద ఒకాయన గోడకి ఆనుకుని సాండ్‌విచ్ తింటున్నాడు, కాళ్లు బారజాపి. ఆయన తల వెనకే ఒక దశాబ్దం. చదవాలంటే జరగమనాలి. అడగడానికి మొహమాటపడి, ఆయన తినేదాకా నిలబడ్డాను. మా అమ్మాయి ఫోన్‌లో టైము చూపిస్తూనే ఉంది.