ఆముదం, బొంబాయి రవ్వ, కోనసీమ తేమ

బోర్డు మీద బలరేఖలు ఎన్ని గీసినా, విద్యుత్ క్షేత్రానికి ఒక ఆకారం ఉంటుందని పిల్లలకు మనసులో నాటుకోదు. అది కంటికి కనిపించాలి. అందుకే అమలాపురం దగ్గర మా కాలేజీ ల్యాబ్‌లో ఈ ప్రయోగం చేసి తీరాలని పట్టుబట్టాను. గాజు పళ్ళెంలో పల్చగా ఆముదం, పైన చిటికెడు బొంబాయి రవ్వ, రెండు లోహపు పట్టీలు, వాటి మధ్య కొన్ని వేల వోల్టులు. అంతే సామాను.

చిక్కంతా తేమతోనే. వానాకాలం మా దగ్గర గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. తిరిగే బెల్టుతో ఛార్జ్ పోగుచేసే వాన్ డి గ్రాఫ్ జనరేటర్ ఎంతసేపు తిప్పినా ఛార్జ్ నిలవదు. చివరికి దాన్ని పక్కన పెట్టి, కరెంటు చాలా తక్కువకు కట్టడి చేసిన ల్యాబ్ హై వోల్టేజ్ సప్లై తెప్పించాం. అయినా స్విచ్ వేసేటప్పుడు టెన్షనే.

వేయగానే రవ్వ గింజలు మెల్లగా తిరిగి, ఒకదాని వెనుక ఒకటి చేరి, పట్టీ నుంచి పట్టీకి బారులు తీరాయి. అంచుల దగ్గర ఆ బారులు వంపు తిరిగాయి. గింజకు ముందే ఛార్జ్ ఉండక్కర్లేదు. క్షేత్రంలో దాని ఒక కొసన ధనావేశం, రెండో కొసన రుణావేశం పోగవుతాయి. వరుసలో ఉన్నవి లాక్కుంటాయి, పక్కపక్కన ఉన్నవి తోసుకుంటాయి. అందుకే గుంపు కట్టకుండా గొలుసు కడతాయి. ప్లస్, మైనస్ మార్చినా ప్రతి గింజలోనూ కొసలు తారుమారవుతాయి కాబట్టి గొలుసు నిలుస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మరొకటి. బాగా వేయించిన రవ్వ మందకొడిగా కదిలింది, డబ్బాలోంచి నేరుగా తీసినది చురుగ్గా. గింజలో కాస్త తేమ ఉంటే ఆవేశాలు లోపల సులువుగా జరుగుతాయి. మరీ ఎక్కువైతే కరెంటు లీకవుతుంది. అమెరికాలో విల్లిస్ విన్‌స్లో 1947లో పేటెంట్ పొందిన నూనె, పొడి మిశ్రమాలకూ ఇలా కొంచెం తేమ కావాల్సి వచ్చేది. మిల్లీమీటరుకు వేల వోల్టుల క్షేత్రంలో అవి ఇట్టే గట్టిపడేవి.

గోదావరి ఒండ్రుతో చేయొచ్చా అని ఒక అమ్మాయి అడిగింది. చేయొచ్చు, కానీ కథ వేరు. నీటిలో బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. అవి ప్లస్ వైపు నడుస్తాయని 1807లోనే మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త గమనించాడు. నీరు కరెంటును మోస్తుంది కాబట్టి దానికి వేల వోల్టులు పెట్టకూడదు. బ్యాటరీలతో వచ్చే డీసీ, కాస్త ఓపిక చాలు.