చేరేక ఫోన్ చెయ్యి

"చేరడం నువ్వు చూశావా?"

జర్మనీలో మా డాక్యుమెంట్లు చూసే పెద్దావిడ అందరి ముందూ అడిగిన మాట ఇది. నేను రాసింది ఒక్క వాక్యం: 'సెండ్ ఫంక్షన్ డేటాను అవతలి కంప్యూటర్‌కు చేరుస్తుంది.' పదకొండేళ్లుగా సాకెట్లతోనే, అంటే ప్రోగ్రాములు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే కొసలతోనే పని నాకు. మొహం మాడిపోయింది.

ఆవిడ వాదన పెట్టుకోలేదు. రెండు కంప్యూటర్ల మధ్య టీసీపీ (అందకపోతే తిరిగి పంపే నెట్‌వర్క్ పద్ధతి) కనెక్షన్ పెట్టించి, అవతలి దాని కేబుల్ పీకేసి, "ఇప్పుడు పంపు" అంది. పంపాను. తెర మీద 4096 అని వచ్చింది. నేనిచ్చిన బైట్లు సరిగ్గా అన్నే. కేబులేమో ఆవిడ చేతిలో ఉంది.

సెండ్ చేసేది ఇంతే. మన బైట్లను మన కంప్యూటర్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) బఫర్‌లోకి, అంటే తాత్కాలిక నిల్వలోకి తీసుకుని, ఎన్ని తీసుకుందో చెబుతుంది. ఒక్కోసారి తక్కువే తీసుకుంటుంది, మిగిలినవి మనమే మళ్లీ ఇవ్వాలి. అవతలి నుంచి ఉలుకూపలుకూ లేకపోతే లినక్స్ మామూలు సెట్టింగుల్లో 15 సార్లు తిరిగి పంపి చూసి, పావుగంట దాటాక గానీ వదిలిపెట్టదు. ఈలోపు మన ప్రోగ్రామ్ పని అయిపోయిందనుకుని ముందుకెళ్లిపోతుంది. అందకపోయినా ఆ సంగతి సెండ్ చెప్పదని మాన్ పేజీలోనే, అంటే ఆ ఫంక్షన్ వివరణ పేజీలోనే ఉంది. వందసార్లు తెరిచిన పేజీ అది. ఆ ముక్క దగ్గర నా కన్ను ఎన్నడూ ఆగలేదు.

ఎందుకు ఆగలేదా అని వారం రోజులు ఆలోచించాను. వైజాగ్ ఋషికొండలో ఉద్యోగం చేసినప్పుడు మాన్ పేజీ చదివి నేర్చుకున్నది తక్కువ. డేటా అందుకునే రిసీవ్ ఫంక్షన్ సున్నా ఇస్తే అవతలివాడు కనెక్షన్ మూసేశాడని అర్థం అని నాకు చెప్పింది పక్క సీటు అన్న, కొండ కింద టీ బండి దగ్గర. ఎంత రాత్రయినా ఫోన్ ఎత్తేవాడు. అడగడానికి మనిషి ఉన్నచోట కాగితం కాస్త వదులుగా ఉన్నా నడిచిపోతుంది. దాన్ని బద్ధకం అంటే నేను ఒప్పుకోను. ఇక్కడ జర్మనీలో సాయంత్రం ఐదు దాటితే అడగడానికి ఎవరూ ఉండరు. కాగితమే అన్నీ చెప్పాలి.

అయినా ఆవిడ చెప్పింది నాకు కొత్త విషయమా? చదువుకునే రోజుల్లో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నన్ను హైదరాబాద్ బస్సెక్కించి అమ్మ అనే మాట ఒకటే: "చేరేక ఫోన్ చెయ్యి నాన్నా." బస్సెక్కానంటే ఆమెకు చాలదు. బస్సు ఊళ్లోకి వచ్చిందన్నా చాలదు. "బస్సు చేరితే నువ్వు చేరినట్టేట్రా? గదికెళ్లేక చెప్పు" అనేది. అవతలి కంప్యూటర్ పంపే రసీదు, టీసీపీ అక్నాలెడ్జ్‌మెంట్, కూడా బస్సు చేరినట్టే. బైట్లు అవతలి కెర్నల్‌కు అందాయని చెబుతుందే తప్ప, అక్కడి ప్రోగ్రామ్ చదివిందని చెప్పదు.

మొన్న ఆ పేరా మళ్లీ రాశాను. 'సెండ్ ఇచ్చే అంకె కెర్నల్ ఎన్ని బైట్లు తీసుకుందో మాత్రమే చెబుతుంది. అవతలి ప్రోగ్రామ్‌కు అందిందని తెలియాలంటే ఆ ప్రోగ్రామే జవాబు పంపాలి.' ఆవిడ రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుంది. అప్పటికి వైజాగ్‌లో రాత్రి ఎనిమిది. అమ్మకు ఫోన్ చేశాను.