పొట్ట ఈకల్లో నీళ్లు మోసే నాయిన

ఒమన్‌లో బాతినా తీరం పొంటి పశువుల మేత పండించే తోటలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక తోటలో నా పని. ఎండ కాస్త ఎక్కాక, పైపు లీకై నీళ్లు నిలిచిన గుంతల దగ్గరికి ఒక పిట్టల గుంపు దిగుతుంది. పావురమంత పిట్ట, మొరం రంగు. ఇక్కడివాళ్లు ఖతా అంటారు, ఇంగ్లీషులో సాండ్‌గ్రౌజ్. ఈ రకం మన తెలంగాణ మెట్ట భూముల్లోనూ ఉంది.

గుంపంతా గబగబా తాగి లేచిపోతుంది. పిల్లలున్న మగపిట్ట మాత్రం అంత తొందరగా పోదు. పొట్ట మునిగేదాకా నీళ్లలోకి దిగి, ఈకలు ఉబ్బించి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ కూర్చుంటుంది. ఈకలు బాగా నానాకే లేస్తుంది.

ఈ పిట్ట పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే గూడు వదిలి నడుస్తాయి, గింజలు సొంతంగా ఏరుకుంటాయి. కానీ తినేవన్నీ ఎండు గింజలు, ఎగరడమేమో ఇంకా రాదు. రెక్కలొచ్చేదాకా నీళ్లు మోసేది తండ్రే. మీడ్-వాల్డో అనే ఆయన తాను పెంచిన పిట్టల్లో ఇది చూసి 1896లోనే రాశాడు. చాలామంది నమ్మలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అనే ఇద్దరు ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో కళ్లారా చూసి నిజమేనని తేల్చారు. అక్కడి నమాక్వా రకం మగపిట్ట దాదాపు 25 మిల్లీలీటర్లు పట్టుకోగలదట, అంటే తన బరువులో సుమారు 15 శాతం. పొట్ట ఈకల్లోని సన్నటి పోగులు మెలికలు తిరిగి ఉంటాయి. తడవగానే మెలిక విప్పుకొని నిలబడి, నీళ్లను మధ్యలో బిగించి పట్టుకుంటాయి. ఆ బరువుతో ముప్పై కిలోమీటర్లయినా పోతుంది. చేరాక నిటారుగా నిలబడితే పిల్లలు పొట్ట కిందికి దూరి ఈకలను ముక్కుతో పట్టి జుర్రుకుంటాయి.

మాది మక్తల్ వైపు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు కూలీ చెయ్యి ఉంటుందంటారు. మా నాయిన కూడా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినవాడే, తర్వాత ముంబయిలో తట్టలు మోశాడు. పండక్కి వచ్చినప్పుడు మా అందరికీ బట్టలు తెచ్చేవాడు. మా చిన్నతనంలో ఊళ్లో సగం ఇళ్లు ఇలాగే నడిచాయి. కాబట్టి దూరం పోయి తెచ్చిపెట్టేవాడిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను. ఇక్కడి నుంచి డబ్బు వేస్తే బిడ్డ స్కూల్ ఫీజు కడతారు, అమ్మకు బీపీ గోలీలు వస్తాయి. అదీ నీళ్లు మోయడమే. కాకపోతే ఆ పిట్ట తెచ్చిన నీళ్లు తాగాలంటే పిల్లలు తండ్రి పొట్టను ఆనుకోవాలి. మాకు దొరకనిది అదొక్కటే, దానికి బాధ లేదని ఎలా చెప్పను?

ఈ సంగతి ఇమో వీడియో కాల్‌లో మా బిడ్డకు చెప్పాను. "దార్లో నీళ్లు ఆరిపోవా నాయినా?" అంది. కొంత ఆరిపోతాయమ్మా, అయినా పిల్లలకు సరిపడా మిగులుతాయి అన్నాను.

మన చెరువులో తామరాకుల మీద నడిచే పిట్ట గురించి కూడా అప్పుడే చెప్పాను. ఇంగ్లీషులో జకానా అంటారు. ఆడది నాలుగు గుడ్లు పెట్టి, ఇంకో మగపిట్టను వెతుక్కుంటూ పోతుంది. గుడ్లు పొదిగేది, పిల్లలను కాపాడేది అంతా తండ్రే. ఏదైనా భయం తగిలితే పిల్లలను రెక్కల కింద ఇరికించుకొని నడుస్తుంది. బయటికి వాటి పొడుగాటి కాళ్లు మాత్రమే వేలాడుతూ కనిపిస్తాయి. ఆ మాటకు మా బిడ్డ ఒకటే నవ్వు. చూపించమంది.

ఈసారి లీవు సంక్రాంతికి వద్దు, వానాకాలంలో ఇవ్వమని మా అర్బాబ్‌ను, అంటే యజమానిని, అడిగాను. ఆ పిట్టలు గుడ్లు పెట్టేది చెరువు నిండాకే.