లైవ్ రాక్‌లోంచి పురుగూ పుట్రా ఏరేసిన వైనం

సముద్రపు చేపల ట్యాంక్ కోసం లైవ్ రాక్ కొంటే రాయితో పాటు ఇంకా ఏమేం వస్తాయో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పగడాల అస్థిపంజరాలు సముద్రంలో గట్టిపడి, ఒళ్లంతా చిల్లులు పడ్డ రాయి అది. పైపొరలో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. లోపల ఆక్సిజన్ సరిగా అందని చోట నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే మరో రకం ఉంటుంది. ఉప్పునీటి ట్యాంక్‌కు అసలు ఫిల్టర్ ఇదే. చిక్కల్లా ఆ చిల్లుల్లోనే పీతలు, పురుగులు, ఐప్టేసియా అనే పీడ ఎనిమోన్ (పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర జీవి) కూడా కాపురం పెట్టి ఉండటం.

అందుకని నా రాళ్లను తిన్నగా ట్యాంక్‌లోకి దించలేదు. ముందు వేరే టబ్బులో ఉంచి, దొరికినదాన్ని దొరికినట్టు ఏరేశాను.

అన్నిటినీ ఒక్క దెబ్బకు చంపేసే దారులు లేకపోలేదు. బ్లీచ్‌లో నానబెట్టొచ్చు, బాగా ఎండబెట్టి వదిలేయొచ్చు. కానీ పురుగులతో పాటు బ్యాక్టీరియా, రాతి మీద పొరలా పెరిగే ఆ గులాబీ రంగు నాచు (కోరలైన్ ఆల్గే) అన్నీ పోతాయి. ఆ మాత్రానికి లైవ్ రాక్ దేనికి, ఏ ప్రాణీ లేని డ్రై రాక్ కొంటే సరిపోతుంది కదా! రాయిని ఉడకబెట్టమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. రాతి మీద జోయాంథిడ్లు (పగడాలకు చుట్టాలైన మెత్తటి జీవులు), ముఖ్యంగా పాలిథోవా రకం ఉంటే, వాటిలోని పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు గాల్లో కలుస్తుంది. అలా ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన కేసులు నిజంగానే ఉన్నాయి. రాళ్లను ముట్టుకున్నంతసేపూ నేను చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తీయలేదు.

టబ్బు ఏర్పాటు పెద్ద పనేం కాదు. ఉప్పునీళ్లు 1.025 స్పెసిఫిక్ గ్రావిటీలో (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), హీటర్ 25 డిగ్రీల దగ్గర, నీళ్లు గట్టిగా తిరగడానికి ఒక పవర్‌హెడ్, అంటే నీళ్లలో ఉంచే చిన్న పంపు. లైటు వేయలేదు. వెలుతురు లేకపోతే జుట్టు నాచు నీరసించిపోతుంది. కోరలైన్ కూడా కాస్త వెలిసిపోతుంది గానీ తర్వాత కోలుకుంటుంది.

మొదట్లో అసలు తలనొప్పి పురుగులు కాదు, కంపు. దారిలో గాలి తగిలి చచ్చిన స్పాంజ్‌లు టబ్బులో కుళ్లడం మొదలెట్టాయి. రాతి అడుగున ఒకచోట బూడిద రంగు ముద్ద, దాని మీద తెల్లటి పలచని పొర. టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది. అలాంటివన్నీ గీకేసి, ఆ రాయిని బకెట్‌లోని ఉప్పునీళ్లలో ఝాడించి మళ్లీ టబ్బులో పెట్టేవాణ్ని. అమ్మోనియా టెస్ట్ రంగు ముదిరినప్పుడల్లా నీళ్లు మార్చడమే. ఈ దశలో బద్ధకిస్తే ఉంచుకోవాల్సిన ప్రాణులు కూడా చచ్చి, అవీ కుళ్లి, అమ్మోనియా ఇంకా పెరుగుతుంది.

ఎవరెవరు ఉన్నారో తెలిసేది రాత్రి పూటే. దీపాలన్నీ ఆర్పేసి, టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టి చూశాను. ఎర్ర వెలుతురును చాలా జీవులు పెద్దగా పట్టించుకోవు. రొయ్యల్లాంటి బుల్లి యాంఫిపాడ్లు గుంపులుగా తిరుగుతున్నాయి, నక్షత్ర చేపకు చుట్టాలైన బ్రిటిల్ స్టార్ల చేతులు చిల్లుల్లోంచి బయటకు చాచి ఊగుతున్నాయి. ఒంటి పక్కల నూగుండే పురుగులు, బ్రిసిల్ వార్మ్‌లైతే లెక్కలేనన్ని. కొత్తవాళ్లు వీటిని చూసి హడలిపోతారు గానీ, మామూలు రకం బ్రిసిల్ వార్మ్ మిగిలిపోయిన మేతను, చచ్చినవాటిని తిని ట్యాంక్‌ను శుభ్రంగా ఉంచుతుంది. వాటిని వదిలేశాను. మొప్పల కుచ్చులు ఎర్రగా ఉండే ఫైర్‌వార్మ్ మాత్రం పగడాలను తింటుంది, అది ఉంటే తీసేయాల్సిందే. ఏ రకమైనా వట్టి చేత్తో ముట్టుకోకూడదు. పక్కలనున్న తెల్లటి నూగు చర్మంలో దిగి మంటెత్తిస్తుంది. దిగితే సెలోటేప్ అంటించి లాగితే చాలావరకు వచ్చేస్తుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఒక శబ్దం. చీకటి పడగానే టబ్బులోంచి ‘టక్’ మని వినిపించేది. రొయ్యలా కనిపించే వేటగాడు మాంటిస్ ష్రింప్ ఏమోనని కంగారు పడ్డాను. అది ఉంటే నత్తల గుల్లలు పగలగొడుతుంది, చేపల్నీ వదలదు. కానీ పిస్టల్ ష్రింప్ అనే చిన్న రొయ్య కూడా అలాగే శబ్దం చేస్తుంది. దాని పెద్ద పట్టుకారు ఠక్కున మూసుకున్నప్పుడు నీళ్లలో బుడగ పుట్టి పగిలే చప్పుడది. చెవికి రెండూ ఒకటే, కంటితో చూస్తే తప్ప తేలదు.

ఎలాగూ రాళ్లను ముంచి తీయాలనుకున్నాను కాబట్టి ఆ పనిలోనే తేల్చుకోవచ్చనిపించింది. బకెట్‌లో ఆర్‌ఓ నీళ్లకు ఉప్పు ఎక్కువ కలిపి స్పెసిఫిక్ గ్రావిటీ 1.035 దాటించి, టబ్బు నీళ్ల వేడికి సమానంగా ఉంచి, ఒక్కో రాయినీ కొన్ని నిమిషాలు ముంచాను. మంచినీళ్లలో ముంచే పద్ధతీ ఉంది, కానీ అది రాతి మీద బతికున్నవాటిని మరీ ఎక్కువగా చంపుతుంది. ఉప్పు ఎక్కువైన నీళ్లు తగలగానే చిల్లుల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. బ్రిటిల్ స్టార్లను, మంచి పురుగులను వెంటనే ఏరి టబ్బులో వేశాను. చివర్లో ఒక రాయిలోంచి టక్కులమారి బయటికొచ్చింది. ఒక చెయ్యి మామూలుగా, రెండోది ఒంటికి మించిన సైజులో. పిస్టల్ ష్రింప్! అది పగడాల జోలికి పోదు, పైగా కొన్ని గోబీ చేపలతో కలిసి ఒకే బొరియలో ఉంటుంది. దాన్ని ఉంచేసుకున్నాను.

పీతల విషయంలో మాత్రం దయ చూపలేదు. పట్టుకారు కొసలు చెంచాలా గుండ్రంగా ఉంటే నాచు తినే రకమై ఉండొచ్చు. నాకు వచ్చినవి ఒళ్లంతా వెంట్రుకలు, కొసలు నల్లగా, సూదిగా. మాంసం తినే రకమే. చాలావరకు బకెట్‌లోనే దొరికాయి, ఒకటి మాత్రం బయటికి రానంది. టబ్బులో గాజు గ్లాసును రాతికి ఏటవాలుగా ఆనించి, అడుగున చిన్న రొయ్య ముక్క వేసి పడుకున్నాను. లోపలికి దిగిన పీత నున్నటి గాజు మీద కాళ్లు జారి పైకెక్కలేకపోయింది. ఇంత తేలిగ్గా అయిపోతుందని అనుకోలేదు.

తల ప్రాణం తోకకు తెచ్చింది ఐప్టేసియా. లేత గోధుమ రంగులో, అవతలిది కనిపించేటంత పలచగా ఉండే చిన్న ఎనిమోన్. నీడ పడితే చాలు, చటుక్కున చిల్లులోకి ముడుచుకుంటుంది. గీకేస్తే పోతుందనుకుంటే పొరపాటు, రక్తబీజుడి వరస దీనిది. పాదం ముక్క కొంచెం మిగిలినా దాన్నుంచి కొత్తది పుడుతుంది.

దీనికి నేను వాడింది కాల్క్‌వాసర్, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి. కొద్ది ఆర్‌ఓ నీళ్లతో చిక్కటి ముద్దగా కలిపి సిరంజిలోకి తీసుకోవాలి. పవర్‌హెడ్ ఆపేసి, నీళ్లు నిలకడగా అయ్యాక, సూదిని దాని నోటి దగ్గరికి చాలా మెల్లగా తేవాలి. తగిలించకూడదు. ఒక్క చుక్క ముద్ద నోటి మీద వదిలితే, మేత అనుకుని టెంటకిల్స్ దగ్గరికి చేర్చి మింగుతుంది. మరుక్షణం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు ఆ చిల్లును కూడా ముద్దతో పూడ్చేయాలి. పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి ఒక పూటకు కొన్నింటి పనే పట్టాలి. తొందరపడి అన్నిటికీ ఒకేసారి కొడితే టబ్బులో మిగతావాటికి ముప్పు. కొన్ని చోట్ల రెండు రోజులకే పక్క చిల్లులోంచి మళ్లీ తల ఎత్తాయి, మళ్లీ సిరంజి పట్టాల్సి వచ్చింది. లోతైన పగులులో ఉన్న ఒకదాని కోసం ఉలితో ఆ మూలను కొట్టి పారేశాను.

మిగిలిన పిల్ల ఐప్టేసియాల కోసం వాటిని తినే పెప్పర్‌మింట్ ష్రింప్ అనే రొయ్యను తెచ్చాను. కొనేటప్పుడు జాగ్రత్త, క్యామెల్ ష్రింప్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ ఐప్టేసియాను తినకపోగా పగడాలను గిల్లుతుంది. దాని ఒంటి మీద తెల్లటి గీతలుంటాయి, వీపు గూని తేలి ఉంటుంది. బెర్గియా అనే సముద్రపు స్లగ్ అయితే ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినదు, అందుకే అవి అయిపోయాక ఆకలితో చస్తుంది. నాకు మనసొప్పక దాని జోలికి పోలేదు.

బుడగల్లా పెరిగే నాచు, బబుల్ ఆల్గేను నీళ్ల బయట, బుడగ పగలకుండా మొదలంటా ఊడదీశాను. రాతికి అతుక్కుని గొట్టంలో ఉండే వర్మెటిడ్ నత్తల గొట్టాలను కత్తిరించి, మూతికి సూపర్ గ్లూ జెల్ పెట్టేశాను. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా దగ్గర నిలబడి, రాత్రి టార్చ్ వేసినా కొత్త ముఖాలేవీ కనబడకపోయాకే రాళ్లను ట్యాంక్‌లోకి మార్చాను. మొన్న ట్యాంక్‌లోంచి పొర్లే నీళ్లు దిగే ఓవర్‌ఫ్లో బాక్స్‌లో ఒక బుల్లి ఐప్టేసియా కనబడింది. పెప్పర్‌మింట్ ష్రింప్ అక్కడికి వెళ్లలేదు, కాబట్టి ఈ ఆదివారం మళ్లీ సిరంజి తీయాలి.