రుద్ర కార్ట్రిడ్జ్‌లో సేవ్ బ్యాటరీ మార్చడం: నా అనుభవం

నింటెండో గేమ్ కన్సోల్ సూపర్ ఫామికాం రోజులు ముగుస్తుండగా, 1996 ఏప్రిల్‌లో స్క్వేర్ సంస్థ విడుదల చేసిన ఆర్‌పీజీ (పాత్రలను నడిపిస్తూ కథలో సాగే ఆట) 'రుడోరా నో హిహో'. మన రుద్రుడే, జపాన్ వాళ్ల నోట రుడోరా అయ్యాడు. ఆట కథలో నాలుగు వేల ఏళ్లకోసారి ఒక రుద్ర వచ్చి అప్పటికి లోకాన్ని ఏలుతున్న జాతిని తుడిచిపెడుతుంది. షియోన్, సార్లెంట్, రిజా అనే ముగ్గురు ప్రధాన పాత్రల కథలనూ వేర్వేరుగా ఆడాలి. మంత్రాలు మాత్రం మనమే తయారు చేసుకోవాలి: ఆరు కటకానా అక్షరాల్లోపు ఏదైనా మాట టైప్ చేస్తే అదే మంత్రం.

ఆడినంతవరకూ దాచిన సేవ్‌ను నిలిపేది కార్ట్రిడ్జ్‌లోని చిన్న బ్యాటరీయే. కాబట్టి దాన్ని మార్చేటప్పుడు సేవ్ పోతే లెవెళ్లతో పాటు ఏరి కూర్చుకున్న మాటలూ పోతాయి. పని మొదలుపెట్టే ముందు మంత్రాల పట్టికను ఫోన్‌తో ఫోటో తీశాను. ఫలితం మాటలోనే ఉంటుంది, కొత్త ఆటలోనూ అదే మాట అలాగే పనిచేస్తుంది. తర్వాత కార్ట్ డంపర్‌తో (కార్ట్రిడ్జ్‌ను కంప్యూటర్‌కు కలిపే పరికరం) సేవ్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బ్యాటరీ ఊడదీసిన క్షణాన ఎస్‌ర్యామ్ (సేవ్‌ను దాచే చిప్) ఖాళీ అయిపోతుంది, ఇది మరవొద్దు. ఆట మాత్రం ఎస్‌ర్యామ్‌లో కాదు, బ్యాటరీ లేకున్నా చెరగని రోమ్ చిప్‌లో ఉంటుంది గనుక దానికేమీ కాదు.

కార్ట్రిడ్జ్ విప్పడానికి 3.8 ఎంఎం గేమ్‌బిట్ (ఈ ప్రత్యేక స్క్రూలకు సరిపోయే స్క్రూడ్రైవర్ బిట్) కావాలి. పెన్ను ప్లాస్టిక్‌ను కరిగించి స్క్రూకు అదిమే చిట్కా ఉంది గానీ, బిగుసుకున్న స్క్రూ దగ్గర అది జారిపోతుంది. బిట్ ఖరీదేమంత కాదు, కొనుక్కోండి.

లోపల ఉండేది సీఆర్2032 బటన్ సెల్, ట్యాబ్‌లతో (సెల్‌కు అతికిన లోహపు కాళ్లు) బోర్డుకు టంకం పెట్టి ఉంటుంది. మీటర్‌లో పాత సెల్ 2.6 వోల్టులు చూపింది, కొత్తది 3.2 పైన. టంకం తీసేటప్పుడు ముందు పాతదాని మీద కాస్త కొత్త 60/40 (తగరం 60, సీసం 40 పాళ్లు) టంకం కలిపి, ఆ తర్వాతే విక్ (కరిగిన టంకాన్ని పీల్చే రాగి అల్లిక) పెట్టాలి. పాజిటివ్ కాలు సులువుగా వచ్చేస్తుంది. మొండికేసేది నెగెటివ్: అది వెడల్పాటి గ్రౌండ్ రాగితో కలిసి ఉంటుంది, ఎంత వేడి పెట్టినా లాగేసుకుంటుంది. ఓపిక లేక లాగితే బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడొస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌ను 350 డిగ్రీల దగ్గర ఉంచి, టంకం పూర్తిగా కరిగాకే ఎత్తాను.

ట్యాబ్‌లున్న సెల్లే కొనాలి. మామూలు సెల్ మీద నేరుగా టంకం పెడితే ఆ వేడికి సెల్ దెబ్బతింటుంది, పగిలే ప్రమాదమూ ఉంది. సెల్‌ను పట్టి ఉంచే హోల్డర్ పెట్టాలనుకుంటే దాని ఎత్తు చూసుకోండి, కొన్నిటితో కార్ట్రిడ్జ్ పెంకు మూతపడదు.

బిగించాక సేవ్ నిలవకపోతే ముందు ప్లస్, మైనస్ తిరగబడ్డాయేమో చూడాలి. అది సరిగ్గా ఉంటే 28 కాళ్ల ఎస్‌ర్యామ్ చిప్‌లో 14వ, 28వ కాళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. దారిలో డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ఉంటుంది గనుక సెల్ కంటే కొంచెం తక్కువ వస్తుంది, అది మామూలే. సున్నా వస్తే కోల్డ్ జాయింట్, అంటే టంకం సరిగ్గా అతుక్కోలేదు, మళ్లీ వేడి చేయాలి.

ఇంకో మాట: జపాన్ కన్సోల్ అడాప్టర్ 100 వోల్టులది, మన 230లో నేరుగా పెడితే అక్కడితో సరి. దాని బదులు 10 వోల్టుల డీసీ, 850 మిల్లీయాంపుల అడాప్టర్ వాడాను, మధ్య పిన్ నెగెటివ్ ఉండాలి. బజార్లో ఎక్కువగా దొరికేవి మధ్య పాజిటివ్‌వి.

ఫైల్‌ను తిరిగి ఎక్కించి, కార్ట్రిడ్జ్‌ను రాత్రంతా బయటే ఉంచి, పొద్దున చూస్తే సేవ్ ఉంది. అప్పుడే స్క్రూలు బిగించాను. సెల్ మీద మార్కర్‌తో తేదీ రాసి ఉంది.