ఖాళీ గడి

ఆ ఫారంలో ఒకటే వాక్యం ఉంది: రెండు నెలలుగా గొంతు బొంగురు, స్వరతంత్రుల కింద గడ్డ. పాత జబ్బులు, ఆపరేషన్లు రాయాల్సిన గడి ఖాళీ. ఫార్మలిన్ సీసాలో అగ్గిపుల్ల తలంత ముక్కలు నాలుగు. తీస్తుంటే రక్తం బాగా పోయిందని సర్జన్ అంచున గీకి రాశారు.

పరాయి దేశంలో ఒక ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి తొమ్మిదేళ్లయింది. రోగుల ముఖాలు నాకు కనిపించవు. వచ్చిన ముక్కను పొదిగి చల్లబరిచిన మైనపు దిమ్మను, పలుచగా కోసే మైక్రోటోమ్ యంత్రంలో బిగించి చక్రం తిప్పుతాను. 4 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందాన పొర రిబ్బనులా దిగుతుంది. దాన్ని గోరువెచ్చని నీటి మీద వదిలి, ముడతలు విడిపోయాక గాజు పలక మీదికి ఎత్తుకుంటాను. గట్టిగా ఊపిరి వదిలినా ఆ పొర చెదిరిపోతుంది.

రంగులు వేసి పంపాక పాథాలజిస్టు నన్ను పిలిచి, ఇద్దరు చూసే మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు. పైపొర చెక్కుచెదరలేదు. గడ్డ దాని అడుగున ఉంది. కణాల నిండా తెల్లటి ఖాళీ, మధ్య మధ్య సన్నని రక్తనాళాల వల. నిజానికి ఆ ఖాళీ మా చేతి పనే. ఆ కణాల్లోని కొవ్వు, గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర మేం ముక్కను ఆల్కహాల్‌లో, జైలీన్‌లో ముంచి తీసే క్రమంలో కరిగిపోతాయి.

"ఇది స్వరపేటికలో పుట్టినది కాదనిపిస్తోంది, కిడ్నీ క్యాన్సర్ కణాల్లా ఉన్నాయి" అన్నారాయన. "ఈ మనిషికి కిడ్నీ ఆపరేషన్ ఏమైనా జరిగిందా?"

స్వరపేటికలో పుట్టే క్యాన్సర్లు దాదాపు అన్నీ పైపొరలోని స్క్వామస్ అనే చదునైన కణాల నుంచి వచ్చేవే. ఎక్కువగా పొగతాగేవారిలో చూస్తాం. ఒంట్లో మరోచోట పుట్టి ఇక్కడ చేరేవి నూటికి ఒకటి కూడా ఉండవు. వాటిలో ముందు వరుసలో ఉండేవి మెలనోమా అనే చర్మ క్యాన్సర్, కిడ్నీ క్యాన్సర్. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, పెద్దపేగు తరువాత వస్తాయి.

కిడ్నీ నుంచి గొంతుకు దారి ఎక్కడిదని ఆయన్ని అడిగాను. ఓపికగా బొమ్మ గీసి చూపించారు. కిడ్నీ సిర నుంచి పెద్ద సిర, గుండె కుడి వైపు, ఊపిరితిత్తులు, గుండె ఎడమ వైపు, మెడ ధమని, అక్కడి నుంచి థైరాయిడ్ ధమని కొమ్మ ద్వారా స్వరపేటిక. వెన్నుపూసల చుట్టూ కవాటాలు లేని సిరల వల ఇంకో దారి. 1940లో బాట్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని వివరించారు. ఆ దారిన ఊపిరితిత్తులను తాకకుండానే పైకి రావచ్చు. స్వరతంత్రుల అంచుకు రక్తనాళాలు తక్కువ కాబట్టి ఈ కణాలు అక్కడ అరుదుగా నిలుస్తాయి. పైనా కిందా ఉన్న భాగాల్లోనే ఎక్కువ. వయసుతో ఎముకగా మారిన మృదులాస్థిలో మజ్జ చేరుతుంది, అక్కడా నిలుస్తాయి.

మరునాడు వార్డు నుంచి జవాబు వచ్చింది. ఆ రోగి కూడా నాలాగే పని కోసం వలస వచ్చినవాడే, వేరే దేశం, వేరే భాష. పన్నెండేళ్ల కిందట స్వదేశంలో ఎడమ కిడ్నీ తీసేశారు. ఇక్కడ ఫోనులో దుభాషీ అడిగింది, గొంతుకు ఇంతకుముందు ఏమైనా జబ్బు చేసిందా అని. లేదన్నాడు. అది నిజమే. కిడ్నీ సంగతి ఎవరూ అడగలేదు, దానికీ గొంతుకూ సంబంధం ఉంటుందని ఆయనకు తట్టలేదు. కాగితాలు వదిలి వచ్చిన ఇంట్లోనే ఉన్నాయి. కిడ్నీ క్యాన్సర్ పదేళ్లు దాటాక కూడా తిరిగి కనిపించవచ్చని ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు?

చిన్న లాలాజల గ్రంథుల గడ్డల్లోనూ ఇలాంటి తెల్లటి కణాలే కనిపిస్తాయి. అందుకే ఆ పాత కబురు అంత విలువైనది. కిడ్నీ నుంచి వచ్చిన కణాలను గుర్తించడానికి వాడే పాక్స్-8 రంగు వేశాను, కేంద్రకాలు గోధుమ రంగులో తేలాయి. స్కానులో ఊపిరితిత్తుల్లో కూడా మచ్చలు కనిపించడంతో స్వరపేటికను తీసేసే ఆలోచన లేకుండా, శ్వాసకు అడ్డు వచ్చే గడ్డను మాత్రం తగ్గించి మందులు మొదలుపెట్టారు. ఆయన గొంతు ఆయనకు మిగిలింది.

ఆ రాత్రి మా ఇంటికి ఫోను చేసి, నా చిన్నప్పటి ఆపరేషన్ కాగితాలు వెతికి ఫొటోలు తీసి పంపమని అన్నయ్యను అడిగాను. ఇప్పుడు ల్యాబులో ఆ గడి ఖాళీగా ఉన్న ఫారం వస్తే దిమ్మ కోయకముందే వార్డుకు ఫోను చేస్తాను. "ఏ భాగానికైనా సరే, ఎన్నేళ్ల కిందటైనా సరే, ఆపరేషన్ జరిగిందా అని అడగండి" అంటాను.